మొండిదని పేరుపడ్డ ఒక ఆడ కంచరగాడిద: పరీక్ష, శిక్షణ, ఫలితం

కేసు నేపథ్యం

ఈ కేసులోని జంతువు తొమ్మిదేళ్ల ఆడ కంచరగాడిద. తల్లి బరువు పనులకు వాడే గుర్రం, తండ్రి పెద్దజాతి గాడిద. మూపు దగ్గర ఎత్తు సుమారు 140 సెంటీమీటర్లు, బరువు సుమారు 360 కిలోలు. కొండదారుల్లో సామాను మోయించడానికి దీన్ని కొన్న మూడో యజమాని, ఇటువంటి జంతువులకు శిక్షణ ఇచ్చే నా దగ్గరకు తీసుకువచ్చేనాటికి దీని మీద నాలుగు ఫిర్యాదులు ఉన్నాయి. వీపు మీద గంత (సామాను కట్టే జీను) వేయబోతే గిరుక్కున తిరిగి కరవబోతుంది. చెవుల మీదుగా కళ్లెం ఎక్కించనివ్వదు. వెనక గిట్టలు ముట్టుకోనివ్వదు. లాడాలు కొట్టే పనివాణ్ని ఒకసారి తన్నింది కూడా. దిగుడుదారిలోనూ, ఒక కర్రవంతెన దగ్గరా ఆగిపోయి, ఎంత లాగినా ఎంత కొట్టినా అడుగు వేయదు.

ఇద్దరు పాత యజమానులూ, ఇప్పటి యజమానీ ఈ నాలుగింటినీ కలిపి ఒకే మాటగా చెప్పారు: ఇది మొండిది. నేను ఈ కేసును పూర్తిగా రాయడానికి కారణం ఆ మాటే. పరీక్షించి చూస్తే నాలుగు నిరాకరణలకూ వేరువేరు కారణాలు బయటపడ్డాయి. వాటిలో ఏ ఒక్కటీ మొండితనం కాదు. ఏ కారణాన్ని ముందు తొలగించాము, దేన్ని తరువాతకు ఉంచాము అన్న క్రమమే ఫలితాన్ని నిర్ణయించింది.

తొలి పరిశీలన

మొదట కొన్నాళ్లపాటు దీనితో ఏ పనీ చేయించకుండా, నెమ్మదస్తురాలైన ఒక ముసలి ఆడ గుర్రంతో కలిపి ఆవరణలో వదిలి చూశాను. కంచరగాడిద తల్లి గుర్రమే కాబట్టి ఆడ గుర్రాల వెంట ఉండటానికి అది ఎంతో ఇష్టపడుతుంది. బరువులు మోసే కంచరగాడిదల బారులను ముందు నడిచే ఒక ఆడ గుర్రం మెడలో గంట కట్టి నడిపించే పద్ధతి దీని మీదే ఆధారపడింది. తోడు దొరికిన తరువాత దీని నిజమైన నడక కనిపించింది. సమతలం మీద నడక శుభ్రంగా ఉంది, కుంటు లేదు. కానీ దాణా నములుతున్నప్పుడు తల ఎడమ పక్కకు వంచి, సగం నమిలిన గడ్డిని ముద్దగా కింద పడేసేది. ఎడమ చెవి వైపు నుంచి మనిషి వస్తే ముందుగా తల పైకెత్తి, ఆ చెవిని మనిషికి అందనంత దూరం జరిపేది. ఈ రెండు విషయాలను యజమాని ఎప్పుడూ గమనించలేదు. కొట్టంలో కట్టేసి ఉన్న జంతువులో ఇవి అంత సులభంగా కనిపించవు కూడా.

ఇంకో విషయం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఇది హెచ్చరించకుండా కరవబోయేది. మామూలుగా కంచరగాడిద చెవులు వెనక్కి వాలుస్తుంది, తోక విసురుతుంది, ఒక వెనకకాలి మీద బరువు తగ్గిస్తుంది, ఆ తరువాతే పళ్లకో కాళ్లకో పని చెబుతుంది. చెవులు వాల్చిన ప్రతిసారీ దెబ్బ తిన్న జంతువు చెవులు వాల్చడం మానేస్తుంది గానీ, బాధ పడటం మానేయదు. మధ్యమెట్లు చెరిగిపోయి, నేరుగా చివరిమెట్టు మిగులుతుంది. 1944లో బర్మా అడవుల్లో జపాన్ సైన్యం వెనుక పోరాడిన బ్రిటిష్ సైన్యపు చిందిత్ దళాలు, ఓండ్ర పెడితే శత్రువుకు జాడ తెలుస్తుందని తమ కంచరగాడిదల స్వరతంతులను కోయించాయి. అది యుద్ధపు అవసరం. శాంతికాలంలో, దెబ్బలతో, ఒక జంతువు తన బాధను చెప్పుకునే దారులను మూసివేయడానికి అటువంటి అవసరం ఏదీ లేదు. దీనికి మళ్లీ చెవులు వాల్చడం నేర్పాలని, అంటే వాల్చినప్పుడు మనిషి ఒక అడుగు వెనక్కి వేస్తాడన్న నమ్మకం కలిగించాలని ఆనాడే నిర్ణయించుకున్నాను.

శరీర పరీక్ష

పశువైద్యుణ్ని పిలిపించి నోటి నుంచి గిట్టల వరకు పరీక్ష చేయించాము. నోటిని పూర్తిగా చూడాలంటే మత్తు ఇవ్వక తప్పలేదు. ఇక్కడ ఒక మాట చెప్పాలి: అదే బరువున్న గుర్రానికి సరిపోయే మోతాదు కంచరగాడిదకు తరచుగా చాలదు. కొన్ని మత్తుమందులను దీని శరీరం త్వరగా ఖర్చు చేస్తుంది. సగం మత్తులో ఉన్న కంచరగాడిద పూర్తి మెలకువలో ఉన్నదానికన్నా ప్రమాదకరం కాబట్టి, మోతాదు తెలిసిన వైద్యుడి చేతనే ఈ పని చేయించాలి.

పై దవడపళ్ల అంచులు వాడిగా పెరిగి, ఎడమ బుగ్గ లోపల పుండు పడింది. కళ్లెం పట్టీ బుగ్గను నొక్కినప్పుడల్లా ఆ పుండు పంటి అంచుకు రాసుకునేది. ఎడమ చెవి మొదట్లో పాత గాయపు మచ్చ ఉంది. చర్మం గట్టిపడి, మెలితిరిగినట్టుగా అతుక్కుంది. ఇంజక్షన్ చేసేటప్పుడూ లాడాలు కొట్టేటప్పుడూ జంతువు కదలకుండా చెవిని మెలిపెట్టి పట్టుకునే అలవాటు కొందరికి ఉంది. ఈ మచ్చ అలా వచ్చిందేనని పాత యజమాని ఒకరు తరువాత ఒప్పుకున్నారు. వీపు మీద, మూపుకు వెనక రెండు వైపులా తెల్లవెంట్రుకల మచ్చలున్నాయి. నల్లటి ఒంటి మీద అలా తెల్లవెంట్రుకలు వచ్చాయంటే అక్కడ చాలాకాలం ఒత్తిడి పడి, వెంట్రుకల మొదళ్లు దెబ్బతిన్నాయని అర్థం. కుడివైపు మచ్చ మీద వేళ్లతో మెల్లగా నొక్కితే వీపు కిందికి కుంగింది. గిట్టల ముందుభాగం విపరీతంగా పెరిగి ఉంది. మెడ మీద జూలు మొదట్లో కొవ్వు గట్టిగా పేరుకుంది. పక్కటెముకలు కంటికి కనిపించకపోవడమే కాదు, చేత్తో వెతికినా దొరకడం కష్టమైంది.

కంచరగాడిద బాధను దాచుకుంటుంది. గుర్రం కడుపునొప్పితో నేల మీద దొర్లే స్థితిలో, కంచరగాడిద కొంచెం మందంగా నిలబడి మేత వదిలేయడంతో సరిపెట్టుకోవచ్చు. అందుకే దీనిలో కనిపించే చిన్న మార్పును పెద్దగానే తీసుకోవాలని నేను ప్రతి యజమానికీ చెబుతాను. ఈ జంతువు వీపు కుంగడం చిన్న కదలికే. గుర్రంలో అయితే అది ఎగిరిపడటంగా కనిపించేదని నా అంచనా.

గంత, బరువు, దిగుడుదారి

దిగుడుదారిలో ఆగిపోవడానికి కారణం గంతను చూడగానే తెలిసింది. అది గుర్రం కోసం చేసినది. గుర్రానికి మూపు ఎత్తుగా ఉండి జీనును ముందుకు జారకుండా ఆపుతుంది. కంచరగాడిద తండ్రి వైపు నుంచి పల్లపు మూపును, తిన్నని వీపును, గుండ్రని పొట్టను తెచ్చుకుంటుంది. గుర్రపు గంత దాని వీపు మీద రెండు చోట్ల మాత్రమే ఆనుతుంది, నడుస్తున్నకొద్దీ ముందుకు జారుతుంది. దిగుడులో అయితే గంతా దాని మీది బరువూ కలిసి భుజాల మీద పడి, ముంగాళ్లు ముందుకు సాగకుండా అడ్డుకుంటాయి. దీన్ని ఆపడానికి తొడల వెనక చుట్టి, గంతకు రెండు వైపులా కట్టే వెడల్పాటి తోలుపట్టీ ఉండాలి. దిగేటప్పుడు బరువును వెనక నుంచి పట్టి ఉంచేది అదే. ఈ జంతువుకు ఆ పట్టీ ఎప్పుడూ కట్టలేదు. పైగా ఎక్కించే బరువు గంతతో కలిపి నూరు కిలోలు దాటుతోంది. శరీరపు బరువులో అయిదో వంతు, అంటే దీనికి 70 కిలోల చుట్టుపక్కల, మించకూడదన్నది నేను పాటించే హద్దు. కంచరగాడిదలు అంతకన్నా ఎక్కువ మోయగలవన్న మాట నిజమే. కానీ రోజూ, ఏడాది పొడవునా, కొండ ఎక్కుతూ దిగుతూ మోయవలసిన జంతువుకు హద్దును తక్కువలో ఉంచడమే సరైనదని నా అభిప్రాయం.

కాబట్టి దిగుడులో అది ఆగిపోవడం అవిధేయత కాదు. ముందుకు పడిపోకుండా ఉండటానికి దానికి తెలిసిన ఒకే ఉపాయం అది.

వంతెన

వంతెన విషయం ఇంకా స్పష్టంగా బయటపడింది. యజమానితో కలిసి, బరువు లేకుండా, వదులు పగ్గంతో దాన్ని అక్కడికి నడిపించాను. వంతెన మొదట్లో ఆగింది. తల కిందికి దించి, మొదటి పలకను వాసన చూసి, బుస్సుమని గాలి వదిలింది. కుడి ముంగాలు పలక మీద మోపి, బరువు వేయకుండా రెండుసార్లు తాటించింది, ఆపైన బరువు వేసింది. రెండో పలకకూ అలాగే చేసింది. మూడో పలక మీద గిట్ట మోపగానే వెనక్కి తీసేసుకుని, నాలుగు కాళ్లూ బిగించి నిలబడిపోయింది. నేను ముందుకు వెళ్లి ఆ పలక మీద బలంగా అడుగు వేస్తే అది ఒక చివర లేచి, మళ్లీ కింద పడింది. మేకు ఊడిపోయి ఉంది. మనుషులు దాని మధ్యలో అడుగు వేసి దాటుతున్నారు కాబట్టి ఎవరికీ తెలియలేదు. నాలుగు కాళ్లతో అంచుల మీదుగా దాటవలసిన జంతువుకు తెలిసింది. యజమాని మరునాడు పలక బిగించారు. ఆ తరువాత, ముందు ఆడ గుర్రాన్ని దాటించి, దీనికి మళ్లీ ప్రతి పలకనూ పరీక్షించుకునే వ్యవధి ఇచ్చాము. దాటింది.

ఇటువంటి సందర్భంలో గుర్రానికీ కంచరగాడిదకూ ఉన్న తేడాను శిక్షకుడు బాగా అర్థం చేసుకోవాలి. గడ్డిమైదానాల్లో మందలుగా బతికిన గుర్రానికి భయమేస్తే పరుగే దిక్కు. గాడిద పూర్వికులైన ఆఫ్రికా అడవిగాడిదలు మేత తక్కువైన రాతినేలల్లో, చెల్లాచెదురుగా బతికినవి. అక్కడ గుడ్డిగా పరుగెత్తితే కాలు విరుగుతుంది. ఆగి, చూసి, తేల్చుకుని కదలడం వాటికి బతుకుతెరువు. కంచరగాడిదలో ఈ రెండూ ఉంటాయి, ఆగడం ముందు వస్తుంది. ఆగినప్పుడు కొడితే రెండోది, అంటే పారిపోవడం, బయటికి వస్తుంది. మెడ బిగించి, తల పక్కకు తిప్పి ఒక్కసారి పారిపోయిన కంచరగాడిద, పగ్గం పట్టుకున్న మనిషికి తనను ఆపే బలం లేదని ఎన్నటికీ మరిచిపోదు.

శిక్షణ

బుగ్గలోని పుండు మానేవరకు నోట్లో ఇనుము పెట్టలేదు, వీపు నొప్పి తగ్గేవరకు గంత వేయలేదు. ఆ కాలమంతా దాణా పూర్తిగా ఆపి, ఎండుగడ్డిలో వరిగడ్డి వంటి పోషణ తక్కువైన మేత కలిపి, ఉప్పుగడ్డ, శుభ్రమైన నీళ్లు ఇచ్చాము. తక్కువ మేతతో గడుపుకునే శక్తి కంచరగాడిదకు పుట్టుకతో ఉంది. గుర్రానికి పెట్టినంత పెడితే కొవ్వు పేరుకుని గిట్టవాపుకు దారితీస్తుంది. అయితే లావుగా ఉన్నదాన్ని ఒక్కసారిగా పస్తు పెట్టడం ఇంకా ప్రమాదం. గాడిద జాతి రక్తంలో కొవ్వు విపరీతంగా పెరిగి ప్రాణం మీదకు వస్తుంది. కాబట్టి తగ్గింపు మెల్లగా సాగింది.

గిట్టల పని నేరుగా చేత్తో తాకడంతో మొదలుపెట్టలేదు. పొడవాటి కర్ర చివర చేతితొడుగు కట్టి, నేను భుజం పక్కన సురక్షితంగా నిలబడి, ఆ తొడుగుతో పిరుదు నుంచి కిందికి నిమురుతూ వచ్చాను. కంచరగాడిద వెనక్కే కాదు, పక్కకూ ముందుకూ గురిచూసి తన్నగలదు. అందువల్ల చెయ్యి కన్నా కర్ర ముందు వెళ్లాలి. అది కాలు ఎత్తి విసిరినప్పుడు తొడుగును తీయలేదు, ఒత్తిడి పెంచనూ లేదు, ఉన్నచోటే ఉంచాను. కాలు నేలకు ఆని, దవడ కదిలి, కన్ను మెత్తబడిన క్షణంలో తీసేశాను. శిక్షణ అంతా ఆ క్షణంలోనే ఉందని నా గట్టి నమ్మకం. కాలు విసిరినప్పుడు తీస్తే విసరడం నేర్చుకుంటుంది. నెమ్మదించినప్పుడు తీస్తే నెమ్మది నేర్చుకుంటుంది. గుర్రం అయితే శిక్షకుడి తప్పును కొన్నిసార్లు మన్నించి ముందుకు సాగుతుంది. కంచరగాడిద ఒక తప్పును కూడా లెక్కలో ఉంచుకుంటుంది, అలాగే ఒక సరైన పనిని కూడా. కర్ర నుంచి చేతికి, చేతి నుంచి ఒక్క క్షణం గిట్ట ఎత్తి దించడానికి, అక్కడి నుంచి ఆకురాయి తాకించడానికి కొన్ని వారాలు పట్టింది. ప్రతి పూటా అది విసుగు చూపకముందే ఆపేశాము.

చెవి పని అన్నిటికన్నా ఆలస్యమైంది, అలా ఆలస్యం చేయడమే సరైన నిర్ణయం. చెవుల మీదుగా ఎక్కించే కళ్లెం బదులు, తల వెనక కట్టు విప్పి మళ్లీ బిగించే రకాన్ని వాడమని యజమానికి చెప్పాను. చెవిని ముట్టుకోకుండానే రోజువారీ పని జరిగిపోయేసరికి, చెవి దగ్గర పోరాటం అనవసరమైంది. మెడ నుంచి మొదలుపెట్టి, అది తలను నా చేతి వైపు తెచ్చినప్పుడు మాత్రమే పైకి వెళుతూ, కుడి చెవిని మొదట, ఎడమదాన్ని చాలాకాలానికి, ముట్టుకోగలిగాము. చెవి మెలిపెట్టడాన్ని ఆ ప్రాంగణంలో పూర్తిగా నిషేధించాము.

కంచరగాడిదకు సరిపడే గంత వచ్చాక, వెనక తొడల పట్టీని బరువు లేకుండా కొన్నాళ్లు అలవాటు చేసి, తరువాత రెండు పక్కల పెరికెలను (సామాను మూటలను) వేరువేరుగా తూచి, సమానంగా కట్టి, తేలిక బరువుతో చిన్న దిగుళ్లలో నడిపించాము. పెరికెల మధ్య ఒకటి రెండు కిలోల తేడా వచ్చినా గంత ఒక పక్కకు ఒరిగి, పాత మచ్చ మీదే ఒత్తుతుంది. అందుకే తూచకుండా కట్టవద్దన్న నియమాన్ని పనివాళ్ల చేత ఒప్పించడానికి జంతువుతో పట్టినంత కాలం పట్టింది.

అమ్మాలన్న ఆలోచన గురించి

మధ్యలో ఒక దశలో యజమాని దీన్ని అమ్మేసి, ఇంకోదాన్ని తెచ్చుకోవాలనుకున్నారు. వారితో నేను మాట్లాడిన మాటలను ఇక్కడ పొందుపరచడం అవసరం, ఎందుకంటే చాలామంది యజమానులు ఈ దశకు వస్తారు.

కంచరగాడిదను ఎన్నుకోవడమంటే దాని తల్లిదండ్రులను, దాన్ని పెంచిన చేతులను ఎన్నుకోవడం. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62, వీటికి పుట్టిన దీనికి 63. అందుకే అతి అరుదైన సందర్భాల్లో తప్ప దీనికి పిల్లలు పుట్టవు. మంచి కంచరగాడిద తనలాంటి ఇంకోదాన్ని కనలేదు. 2003లో అమెరికాలోని ఐడహో విశ్వవిద్యాలయంలో ఐడహో జెమ్ అనే కంచరగాడిదను క్లోనింగ్ ద్వారా, అంటే కణం నుంచి నకలుగా, పుట్టించారు. గుర్రపు కుటుంబంలో అదే మొదటి క్లోన్. మిగిలిన మనందరికీ ప్రతి తరాన్నీ మళ్లీ మొదటి నుంచి, సరైన గాడిదతో, సరైన గుర్రంతో మొదలుపెట్టడమే దారి. తరువాత అమెరికా తొలి అధ్యక్షుడైన జార్జ్ వాషింగ్టన్ తన పొలాలకు కంచరగాడిదలు కావాలనుకున్నప్పుడు స్పెయిన్ రాజు మూడో కార్లోస్ పంపిన పెద్దజాతి మగగాడిద 1785లో ఆయన ఎస్టేట్ మౌంట్ వెర్నన్ చేరింది. 1799లో ఆయన చనిపోయేనాటికి అక్కడ యాభైకి పైగా కంచరగాడిదలు ఉన్నాయి. మంచి తండ్రి కోసం ఒక రాజును ఆశ్రయించవలసి వచ్చిందంటే ఆ ఎన్నిక ఎంత కష్టమో తెలుస్తుంది. అంతకు మూడువేల ఏళ్లకు పైగా ముందే, నేటి తుర్కియే ప్రాంతాన్ని ఏలిన హిట్టైట్ల చట్టాలు కంచరగాడిదకు 40 షెకెల్‌ల (ఆనాటి తూకపు కొలత) వెండిని ధరగా నిర్ణయించి, బండికి కట్టే గుర్రం కన్నా దాన్ని పైన నిలబెట్టాయి. పైగా ఇంకోదాన్ని తెచ్చుకుంటే అదే గుర్రపు గంత, అదే బరువు, అదే వంతెన దానికీ ఎదురవుతాయి. వారు అమ్మకం ఆలోచన మానుకున్నారు.

ఇంకో మాట కూడా చెప్పాను. బాగా చూసుకున్న కంచరగాడిద ముప్ఫై ఏళ్లు, కొన్నిసార్లు అంతకు మించి బతుకుతుంది. తొమ్మిదేళ్ల జంతువుకు ఇంకా రెండు దశాబ్దాల జీవితం ఉంది. వాటిలో చివరివి పని చేయలేని ఏళ్లు. ఏథెన్స్‌లో గుడి కడుతున్న కాలంలో వయసు మీరిందని విడిచిపెట్టిన ఒక కంచరగాడిద రోజూ వచ్చి, బండ్లు లాగుతున్న వాటి పక్కన నడిచి వాటిని ఉత్సాహపరిచేదని, ధాన్యం అమ్మేవాళ్లు తమ పళ్లేల నుంచి దాన్ని తరమకూడదని ఉత్తర్వు ఇచ్చారని అరిస్టాటిల్ రాశాడు. దాని వయసు ఎనభై అని ఆయన చెప్పినదాన్ని నేను నమ్మలేను గానీ, తోటివాటితో నడవాలన్న ఆ కోరికను మాత్రం ముసలి కంచరగాడిదల్లో నేను చూశాను. కొనేవాళ్లు ఆ ఏళ్లకు కూడా మేత, గిట్టల పని, తోడు సమకూర్చగలరా అని ముందే ఆలోచించుకోవాలి.

ఫలితం, మిగిలిన పరిమితులు

ఇప్పుడు ఈ జంతువు గంతతో కలిపి 65 కిలోలు మించకుండా మోస్తోంది. దిగుడుదారిలో ఆగడం లేదు. వీపు మీద నొక్కితే కుంగడం పోయింది, తెల్లమచ్చలు మాత్రం జీవితాంతం ఉంటాయి. పళ్లను ఏడాదికొకసారి, గిట్టలను ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి చూపిస్తున్నారు. ధనుర్వాతపు టీకా వేయించారు. లాడాలు కొట్టే పనివాడు మారాడు. కొత్తతను కాలు ఎత్తేముందు పిరుదు మీద చెయ్యి ఉంచి, అది ఒక చెవిని తన వైపు తిప్పేదాకా ఆగుతాడు. కరవడం పూర్తిగా మానింది. ఒకరోజు పొట్టపట్టీ కింద ముల్లు ఇరుక్కున్నప్పుడు అది చెవులు వాల్చి తోక విసిరిందని, తాను ఆగి చూసి ముల్లు తీశానని యజమాని చెప్పారు. నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికన్నా ముఖ్యమైన ఫలితం అదే. పోయిన హెచ్చరిక తిరిగి వచ్చింది.

ఎడమ చెవిని యజమానీ, నేనూ తప్ప ఇంకొకరు ముట్టుకుంటే ఇప్పటికీ తల ఎత్తేస్తుంది. దాన్ని మార్చడానికి ఇక ప్రయత్నించడం లేదు. కట్టు విప్పే కళ్లెంతో పని సాగుతోంది కాబట్టి, ఆ విషయాన్ని కొట్టం గోడ మీద రాసి, కొత్తగా చేరే ప్రతి పనివాడికీ మొదటి రోజే చెప్పమని సూచించాను.